శాటిలైట్ కదలిక ముందే తెలిసినప్పుడు వీడియో కంప్రెషన్‌కి దాన్ని ఎలా వాడుకోవాలి: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది

500 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే శాటిలైట్ సెకనుకు దాదాపు 7.6 కిలోమీటర్లు పోతుంది. దాని కింద నేల మీది బిందువు సెకనుకు 7 కిలోమీటర్ల చొప్పున జరుగుతుంది. ఈ సంగతి శాటిలైట్‌లోని కంప్యూటర్‌కి ప్రతి క్షణం తెలుసు, ఎందుకంటే ఎక్కడున్నామో జీపీఎస్ చెబుతుంది, ఎటు చూస్తున్నామో నక్షత్రాలను చూసి దిక్కు చెప్పే స్టార్ ట్రాకర్, తిరిగే వేగాన్ని కొలిచే గైరో చెబుతాయి. అదే పెట్టెలో పక్కనే ఉన్న, వీడియోని కుదించే ఎన్‌కోడర్‌కి మాత్రం ఇవేవీ తెలియవు. రెండు ఫ్రేములు తీసుకుని, ఈ బ్లాకు (ఫ్రేములో ఒక చిన్న చదరపు ముక్క) పాత ఫ్రేములో ఎక్కడుందా అని వందలు వేల చోట్ల వెతికి, ఆ కదలికనే మళ్లీ కనిపెడుతుంది. సోలార్ ప్యానెళ్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఆ వెతుకులాటకే ఖర్చవుతుంది.

తెలిసిన కదలికను కంప్రెషన్‌లోకి తేవడానికి చాలా దారులున్నాయి, ఒక్కోటీ ఒక్కో తరహా మిషన్‌కి నప్పుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కక్ష్య లెక్కను ఎన్‌కోడర్‌కి తొలి అంచనాగా ఇవ్వండి, తుది నిర్ణయం బొమ్మకే వదిలేయండి. లెక్కనే పూర్తిగా నమ్మినా ఇబ్బందే, లెక్కని అసలు పట్టించుకోకపోయినా వృథానే. ఎందుకో కింద అంకెలతో చూద్దాం.

ముందు అసలు మీకు ఈ గొడవ అవసరమా కాదా తేల్చుకోండి. 1920×1080 పిక్సెళ్లు, పిక్సెల్‌కి 8 బిట్లు, సెకనుకు 30 ఫ్రేములు అనుకుంటే ముడి వీడియో సెకనుకు దాదాపు 498 మెగాబిట్లు, ఒక నిమిషం క్లిప్ 3.7 గిగాబైట్లు. సెకనుకు 2 మెగాబిట్లు (2 ఎంబీపీఎస్) పంపే ఎస్-బ్యాండ్ రేడియో లింకు మీద ఇది కిందికి దిగాలంటే నాలుగు గంటల పైనే పడుతుంది, గ్రౌండ్ స్టేషన్‌కి శాటిలైట్ కనపడేదేమో ఒక్కో పాస్‌లో మహా అయితే పది పన్నెండు నిమిషాలు. అంటే పాతిక రెట్లు కుదిస్తే గానీ ఆ క్లిప్ ఒక్క పాస్‌లో పట్టదు. ఎక్స్-బ్యాండ్‌లో 100 ఎంబీపీఎస్ ఉన్నవాళ్లకి అదే ముడి క్లిప్ ఐదు నిమిషాల్లో దిగిపోతుంది, వాళ్లు మామూలు కంప్రెషన్ పెట్టుకుని హాయిగా ఉండొచ్చు.

రెండో ప్రశ్న, ఇది అన్నిటికంటే ముఖ్యం: మీ కెమెరా ఎలా చూస్తుంది? వీడియో తీసే శాటిలైట్లలో ఎక్కువ భాగం ఒకే చోటును గురిపెట్టి, తాము ముందుకు పోతున్న కొద్దీ ఒళ్లు తిప్పుకుంటూ అక్కడే చూస్తుంటాయి. 2013 నవంబరులో వెళ్లిన స్కైశాట్-1 నుంచి, 2018 జనవరిలో పీఎస్‌ఎల్‌వీ-సీ40 మీద వెళ్లిన కార్బనైట్-2 దాకా చేసింది ఇదే పని. రెండో రకం తిన్నగా కిందికి చూస్తూ పోవడం. ఈ రెండింటికీ కంప్రెషన్ సమస్య పూర్తిగా వేరు.

తిన్నగా కిందికి చూసేటప్పుడు, పిక్సెల్‌కి 1 మీటరు అనుకుంటే, సెకనుకు 30 ఫ్రేములకి ప్రతి ఫ్రేముకీ బొమ్మ దాదాపు 235 పిక్సెళ్లు జరుగుతుంది. హెచ్.264 అనే వీడియో ప్రమాణానికి పనిచేసే ఎక్స్264 ఎన్‌కోడర్ మామూలుగా వెతికే దూరం 16 పిక్సెళ్లు, దాని తర్వాతి హెచ్.265కి పనిచేసే ఎక్స్265 అయితే 57. హెచ్.264 ప్రమాణం ఇంతకంటే చాలా పెద్ద వెక్టర్లనే (బ్లాకు ఎటు, ఎంత జరిగిందో చెప్పే అంకెలనే) అనుమతిస్తుంది, కాబట్టి అడ్డు ప్రమాణంలో లేదు, ఎన్‌కోడర్ అంత దూరం వెళ్లి చూడకపోవడంలో ఉంది. దొరక్కపోతే బ్లాకుని కొత్తదిగా రాసేస్తుంది, బిట్లు అమాంతం పెరిగిపోతాయి. ఇక్కడ కక్ష్య లెక్క ఇవ్వడం వల్ల వచ్చే లాభం చాలా పెద్దది, ఇందులో అనుమానమే లేదు. గురిపెట్టి చూసే పద్ధతిలో మాత్రం ఆ 235 పిక్సెళ్లని శాటిలైట్ తిరగడమే మింగేస్తుంది. మిగిలేది గురి కొద్దిగా జారడం, బొమ్మ మెల్లగా తిరగడం, దూరం మారుతున్న కొద్దీ సైజు మారడం. గురి సెకనుకు 10 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) జారిందనుకుంటే 500 కిలోమీటర్ల దూరంలో అది 24 మీటర్లు, ఫ్రేముకి 0.8 పిక్సెల్. ఇంత చిన్న కదలికని ఏ ఎన్‌కోడరైనా తనంతట తనే పట్టేస్తుంది. అందుకని గురి బాగా నిలిచే శాటిలైట్‌లో ఈ సాయం వల్ల ఫైలు సైజు సగమైపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ తగ్గేది ప్రధానంగా వెతికే శ్రమ, కరెంటు.

ఇప్పుడు పద్ధతులు ఒక్కొక్కటిగా.

అన్నిటికంటే సులువైనది ప్రతి ఫ్రేమునీ విడి ఫోటోలా కుదించడం. జేపెగ్ 2000 గానీ, అంతరిక్ష సంస్థల ప్రమాణం సీసీఎస్‌డీఎస్ 122 గానీ ఈ పని చేస్తాయి. కదలికతో సంబంధమే లేదు. ఒక ఫ్రేము పాడైతే అదొక్కటే పోతుంది, పక్కది బాగానే ఉంటుంది. ఫ్రేముల వేగం తక్కువున్నవాళ్లు దీన్నే వాడండి: తిన్నగా కిందికి చూస్తూ సెకనుకు ఒక ఫ్రేము తీస్తే బొమ్మ 7,000 పిక్సెళ్లు జరిగిపోతుంది, 1080 వరుసల ఫ్రేముకి అసలు పాత ఫ్రేముతో ఉమ్మడిగా ఒక్క పిక్సెల్ కూడా ఉండదు, ఇక కదలిక తెలిసి ఏం లాభం. కొలతల కోసం పిక్సెల్ విలువలు చెక్కుచెదరకుండా కావాలనుకునే శాస్త్రీయ మిషన్లకీ ఇదే మంచిది.

రెండోది మామూలు హెచ్.264 లేదా హెచ్.265 ఎన్‌కోడర్‌ని ఉన్నది ఉన్నట్టు వాడటం. గురి గట్టిగా నిలిచి, కరెంటుకి కొదవ లేకుండా, చిప్పులోనే హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ ఉంటే ఇది చాలు. ఉదాహరణకి జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్ చిప్పుల్లో ఈవీ రకానికి హెచ్.264, హెచ్.265 ఎన్‌కోడర్ లోపలే ఉంటుంది. జెట్సన్ (ఎన్‌విడియా చిన్న కంప్యూటర్ బోర్డు) కొనేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి, ఓరిన్ నానోలో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ లేదు, పేరులో జెట్సన్ ఉంది కదా అని డిజైన్‌లో పెట్టేసుకుంటే ఎన్‌కోడింగ్ భారమంతా సీపీయూ మీద పడుతుంది.

మూడోది నేను అన్నిటికంటే ముందు పరిశీలించమని చెప్పేది: ఎన్‌కోడర్‌కి వెతికే చోటు చూపించడం. ఫ్రేము తీసిన క్షణంలో శాటిలైట్ స్థానం, చూపు తెలుసు కాబట్టి, ఒక్కో బ్లాకు మధ్యబిందువు నుంచి గీత గీసి అది భూమిని ఎక్కడ తాకుతుందో లెక్కగట్టి, ఆ చోటు పాత ఫ్రేములో ఏ పిక్సెల్‌లో పడిందో తిరిగి లెక్కించాలి. ఆ తేడాయే ఆ బ్లాకుకి అంచనా వెక్టర్. ఎన్‌కోడర్ అక్కడి నుంచి చుట్టూ రెండు మూడు పిక్సెళ్లు మాత్రం వెతుకుతుంది. ప్రతి బ్లాకుకీ ఈ లెక్క చేయక్కర్లేదు, నాలుగు మూలలకీ చేసి ఫ్రేము మొత్తానికి ఒక హోమోగ్రఫీ (ఒక ఫ్రేములోని పిక్సెళ్లని ఇంకో ఫ్రేములోని చోట్లకి కలిపే ఒకే సూత్రం) తయారు చేసుకుంటే మిగతావి దాన్నుంచే వస్తాయి.

దీనివల్ల ఎంత మిగులుతుందో చూడండి. అటూ ఇటూ 64 పిక్సెళ్ల దాకా ఒక్క చోటూ వదలకుండా వెతికితే బ్లాకుకి 16,641 పోలికలు. అదే మూడు పిక్సెళ్లకి కుదిస్తే 49. దాదాపు 340 రెట్లు తక్కువ. నిజమే, సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్లు అన్ని చోట్లా వెతకవు, తెలివైన అడ్డదారులు వాటికున్నాయి, కాబట్టి వాటిలో లాభం ఇంత ఉండదు. కానీ ఎఫ్‌పీజీఏలో (లోపలి సర్క్యూట్‌ని మనకి కావలసినట్టు మార్చుకోగల చిప్పులో) సొంతంగా రాసుకునేవాళ్లు నియమిత కిటికీలో పూర్తి వెతుకులాటే పెట్టుకుంటారు, అక్కడ కిటికీ చిన్నదైతే చిప్పులోని మెమరీ కూడా ఆ మేరకు మిగులుతుంది. ఇంకో లాభం పైకి అంతగా కనపడదు. పొలాలు, ఒకే తీరు ఇళ్ల కప్పులు, నీటి అలలు, ఇవన్నీ చూడ్డానికి ఒకదాని తర్వాత ఒకటి ఒకేలా ఉంటాయి, ఎన్‌కోడర్ వాటిలో దారితప్పి పక్క వరుసని ఇదే అనుకుని పట్టుకుంటుంది. అప్పుడు పక్కపక్క బ్లాకుల వెక్టర్లు తలో దిక్కుకీ చూపిస్తాయి, ఆ గజిబిజిని రాయడానికి బిట్లు అవుతాయి. అంచనా ఇచ్చినప్పుడు వెక్టర్లు ఒక తీరుగా వస్తాయి, ఖర్చు తగ్గుతుంది.

అన్నిటికంటే నాకు నచ్చేది, ఇంత చేసినా బయటికొచ్చే ఫైలు మామూలు హెచ్.264 ఫైలే. వీడియో ప్రమాణాలు డీకోడర్ ఎలా పనిచేయాలో మాత్రమే శాసిస్తాయి, ఎన్‌కోడర్ వెక్టర్‌ని ఎలా కనుక్కుందో వాటికి అక్కర్లేదు. కింద గ్రౌండ్‌లో ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదు.

నాలుగోది ఫ్రేమునే ముందు సరిచేసి, అంటే పాత ఫ్రేము మీద సరిగ్గా కూర్చునేలా జరిపి, ఆ తర్వాత మామూలు ఎన్‌కోడర్‌కి ఇవ్వడం. లోపలికి చేయి పెట్టనివ్వని హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ మీ దగ్గరుంటే ఇదొక్కటే దారి, ఎందుకంటే వాటిలో చాలావరకు బయటి నుంచి వెక్టర్ సూచనలు తీసుకోవు. కొనే ముందే ఆ వివరం డాక్యుమెంట్‌లో వెతకండి. ఇక్కడ ఒక జాగ్రత్త: ఫ్రేముని సగం పిక్సెల్, పావు పిక్సెల్ జరపాలంటే పక్క పిక్సెళ్ల నుంచి కొత్త విలువలు లెక్కగట్టాలి, దాంతో బొమ్మ కాస్త మసకబారుతుంది, ఆ పదును మళ్లీ రాదు. అందుకని పూర్తి పిక్సెళ్లలోనే జరపండి, మిగిలిన చిన్న తేడాని ఎన్‌కోడర్ చూసుకుంటుంది, పావు పిక్సెల్ దాకా వెతకడం దానికి వచ్చు. ఎంత జరిపారో ఫ్రేముతో పాటే రాసి పంపడం మర్చిపోవద్దు.

ఐదోది ఏవీ1, హెచ్.266 లాంటి కొత్త కోడెక్‌లు (వీడియో కుదింపు ప్రమాణాలు). ఏవీ1లో ఫ్రేము మొత్తానికి కదలికని జరగడం, తిరగడం-సైజు మారడం, ఇంకా పూర్తి అఫైన్ (వాలుగా సాగడం కూడా కలిసిన) రూపంలో రాసే వీలుంది, హెచ్.266 అఫైన్ కదలికని బ్లాకు స్థాయిలో రాస్తుంది. కాగితం మీద చూస్తే శాటిలైట్ వీడియో కోసమే చేసినట్టుంటుంది: కక్ష్య నుంచి వచ్చిన ఆరు అంకెలు ఫ్రేముకి ఒకసారి రాస్తే చాలు కదా! కానీ ప్రమాణంలో ఉన్న ప్రతి వసతినీ హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ వాడాలని ఎక్కడా లేదు. చిప్పు మీద ఏవీ1 అని రాసి ఉన్నా లోపల ఫ్రేము మొత్తం కదలిక అనే వసతిని వదిలేసి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో చేయాలంటే శాటిలైట్‌లోని సీపీయూకి అది పెద్ద బరువు. క్లిప్ తీసి నింపాదిగా కక్ష్యలో తిరుగుతూ కుదించుకునే తీరిక ఉంటే, ఒకటిన్నర గంట కక్ష్యలో ఆ తీరిక చాలామందికి ఉంటుంది కూడా, అప్పుడు ప్రయత్నించొచ్చు. అప్పటికప్పుడు కిందికి పంపాలంటే వద్దు.

ఆరోది వినడానికి చాలా బాగుంటుంది: నేల బొమ్మని ఒకసారి పంపి, ఆ తర్వాత మారినవి మాత్రమే, అంటే బండ్లు, ఓడలు, విమానాలు మాత్రమే పంపడం. చాలామంది దీని దగ్గరే మోజు పడతారు. దీన్ని దెబ్బతీసేది ఎత్తు. రైలు కిటికీలోంచి చూస్తే దగ్గరి చెట్లు గబగబా వెనక్కి పోతూ దూరపు కొండలు కదలనట్టు కనిపిస్తాయి కదా, ఇక్కడ కూడా అంతే, ఎత్తుగా ఉన్నది శాటిలైట్‌కి దగ్గరగా ఉన్నట్టు లెక్క. ఒక ఫ్రేము వ్యవధిలో శాటిలైట్ 253 మీటర్లు పోతుంది, 500 కిలోమీటర్ల దూరానికి చూపు కోణం అర మిల్లీరేడియన్ మారుతుంది (మిల్లీరేడియన్ అంటే కిలోమీటరు దూరంలో ఒక మీటరు జరిగేంత కోణం). 100 మీటర్ల భవనం పైభాగం నేలతో పోలిస్తే 5 సెంటీమీటర్లు జరుగుతుంది, లెక్కలోకి రాదు. కానీ సెకను గడిచేసరికి అదే ఒకటిన్నర మీటరు, పది సెకన్లకి 15 పిక్సెళ్లు. ఊళ్లో ప్రతి పెద్ద భవనమూ "మారింది" అని లేచి కూర్చుంటుంది. 5 కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘమైతే ప్రతి ఫ్రేముకీ రెండున్నర పిక్సెళ్లు జరుగుతుంది, అసలు గాలే లేకపోయినా. నీటి మీద ఎండ మెరుపు చూపు కోణంతో పాటే పరిగెడుతుంది. చదునైన చోట్లు, ఓడరేవు బయటి సముద్రం, విమానాశ్రయం రన్‌వే లాంటివి తక్కువసేపు చూసే మిషన్‌కి సరే. పెద్ద భవనాలున్న ఊళ్ల మీద, కొండల మీద దీని జోలికి పోవద్దు.

ఇదే లెక్క మూడో పద్ధతికీ ఒక పాఠం చెబుతోంది. పక్క ఫ్రేముని ఆధారంగా తీసుకుంటే నేలంతా చదును అనుకున్నా పెద్ద తేడా రాదు. సెకను వెనకటి ఫ్రేముని ఆధారంగా తీసుకుంటే మాత్రం ఎత్తులు, సైజు మార్పు అన్నీ లెక్కలోకి వస్తాయి. 3 కిలోమీటర్ల ఎత్తు కొండల మీద అయితే పక్క ఫ్రేముకే ఒకటిన్నర పిక్సెల్ తేడా, అక్కడ నేల ఎత్తుల పటాన్ని శాటిలైట్‌లో పెట్టుకోవాలి, ముతకదైనా సరే. అది కుదరకపోతే వెతికే కిటికీని కొంచెం పెంచండి, చాలాసార్లు అదే చౌక.

ఇక లెక్కనే పూర్తిగా నమ్మొద్దని మొదట్లో ఎందుకన్నానో. 500 కిలోమీటర్ల దూరం నుంచి 1 ఆర్క్‌సెకను అంటే నేల మీద దాదాపు 2.4 మీటర్లు. స్టార్ ట్రాకర్ 5 ఆర్క్‌సెకన్లు తప్పు చెప్పిందంటే 12 పిక్సెళ్లు పోయాయి. అదృష్టం ఏమిటంటే కంప్రెషన్‌కి మనకి కావలసింది రెండు ఫ్రేముల మధ్య తేడా మాత్రమే, రెండింటిలోనూ ఒకేలా ఉన్న తప్పు తీసివేతలో పోతుంది. జీపీఎస్‌లో పది మీటర్ల తప్పు కూడా అలాగే ఎగిరిపోతుంది. కాబట్టి ఫ్రేము నుంచి ఫ్రేముకి మార్పుని గైరో నుంచి తీసుకోండి, స్టార్ ట్రాకర్‌ని గైరో మెల్లగా జారిపోకుండా పట్టి ఉంచడానికి వాడండి. శాటిలైట్‌ని తిప్పే చక్రాల, అంటే రియాక్షన్ వీల్స్ వణుకు మాత్రం దీనికి లొంగదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వీల్ సెకనుకు 50 సార్లు వణికిస్తుంది, గైరో రీడింగు సెకనుకు పదిసార్లే వస్తుంటే అది దానికి కనపడనే కనపడదు. ఆ వణుకుని పట్టేది బొమ్మే, చుట్టూ వెతికే ఆ రెండు మూడు పిక్సెళ్లు ఉంచుకునేది ఇందుకే.

టైమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. గురిపెట్టి చూసే శాటిలైట్ సెకనుకు దాదాపు 15 మిల్లీరేడియన్లు తిరుగుతుంటుంది. జీపీఎస్ గడియారానికీ గైరో గడియారానికీ మధ్య ఒక్క మిల్లీసెకను తేడా వచ్చిపోతూ ఉంటే అంచనాలో 7, 8 పిక్సెళ్లు అటూ ఇటూ ఊగుతుంది. ఫ్రేము టైమ్‌ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తీసుకోవద్దు, షట్టర్ తెరుచుకునే క్షణానికి హార్డ్‌వేర్ పల్స్ పెట్టించండి. రోలింగ్ షట్టర్ కెమెరా అయితే ఒక్కో వరుసకీ ఒక్కో టైమ్, తలనొప్పి రెట్టింపు, వీలుంటే అన్ని వరుసలనీ ఒకేసారి తీసే గ్లోబల్ షట్టర్ తీసుకోండి. భూమి తిరగడాన్ని కూడా కలపండి, భూమధ్యరేఖ దగ్గర అది సెకనుకు 465 మీటర్లు, మర్చిపోతే ఫ్రేముకి 15 పిక్సెళ్ల తప్పు నిలబడిపోతుంది.

క్వాటర్నియన్‌లో (చూపు దిశని చెప్పే నాలుగు అంకెల్లో) స్కేలార్ అనే అంకె ముందా వెనకా, కెమెరా అక్షాలు ఎటు అన్న విషయంలో పొరపాట్లు చాలా మామూలు. దీనికి చౌకైన పరీక్ష ఉంది: అంచనా వెక్టర్ల గుర్తు తిరగేసి ఇంకోసారి ఎన్‌కోడ్ చేయండి. తిరగేస్తే బిట్లు తగ్గాయంటే మీ అక్షాలు తలకిందులుగా ఉన్నట్టే.

పంపే ముందు నేల మీదే పోల్చుకోండి. ముడి ఫ్రేములు, వాటి టెలిమెట్రీ (స్థానం, చూపు, టైమ్ రికార్డులు) దగ్గర పెట్టుకుని, ఒకే నాణ్యతకి ఏ పద్ధతికి ఎన్ని బిట్లు, ఎన్ని జౌళ్ల శక్తి అయ్యాయో చూడండి. నాణ్యతను ఒకేలా ఉంచకుండా ఫైలు సైజులు మాత్రమే పోల్చితే ఆ పోలికకి అర్థం లేదు. క్లిప్పుల్లో మేఘాలున్నవి, సముద్రమే ఉన్నవి తప్పకుండా పెట్టండి, ఖాళీ సముద్రం మీద బొమ్మ చూసి అంచనాని సరిదిద్దుకోవడం పనిచేయదు, అక్కడ కక్ష్య లెక్కే దిక్కు. మేఘాలున్నప్పుడు ఎదురు సమస్య, సరిదిద్దుబాటు మేఘం వెంట పోతుంది, ఫ్రేములో చాలా చోట్ల కొలిచి మధ్య విలువ తీసుకుంటే ఇది చాలావరకు సర్దుకుంటుంది.

మీ పరిస్థితికి ఏది అన్న దగ్గరికొస్తే, ఎఫ్‌పీజీఏలో సొంత ఎన్‌కోడర్ లేదా మార్చగలిగే సాఫ్ట్‌వేర్ ఉంటే మూడోది. లోపలికి రానివ్వని చిప్పు ఉంటే, అందులోనూ గురి బాగా జారుతుంటే నాలుగోది, పూర్తి పిక్సెళ్లలోనే. గురి నిలిచి, కరెంటు ఉంటే రెండోదే ఉంచండి, ఉన్నదాన్ని కెలకొద్దు. తిన్నగా కిందికి చూస్తూ వేగంగా తీసేవాళ్లకి మూడోది దాదాపు తప్పనిసరి. అయితే వాళ్లు ఒకటి ఆలోచించాలి, 1080 వరుసల్లో ఫ్రేముకి 235 జరుగుతుంటే ఒక చోటు నాలుగైదు ఫ్రేముల్లోనే కనపడుతుంది, అది వీడియోగా ఎవరికీ పెద్దగా పనికిరాదు. ఆ నాలుగైదింటినీ ఒకదాని మీద ఒకటి కలిపి తక్కువ నాయిస్ ఉన్న ఒక్క ఫోటో చేసి పంపితే డౌన్‌లింక్ మిగులుతుంది, వాడేవాళ్లకీ అదే నచ్చుతుంది.

పంపే దారిలో ప్యాకెట్లు పోతుంటే, పోయినవి మళ్లీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు లేకపోతే, ఏ పద్ధతిలోనైనా పూర్తి ఫ్రేముని (పాత ఫ్రేముతో పని లేకుండా రాసినదాన్ని) సెకనుకి ఒకటైనా పెట్టండి, ఒక్క బిట్ తిరగబడితే తర్వాతి పూర్తి ఫ్రేము దాకా బొమ్మంతా చెడిపోతుంది. ఫ్రేముకో హోమోగ్రఫీ, టైమ్, స్థానం, చూపు కూడా వీడియోతో పాటే పంపించండి. ఇవన్నీ కలిపినా ఫ్రేముకి రెండు మూడు వందల బైట్లు దాటవు, కింద పిక్సెల్‌ని అక్షాంశ రేఖాంశాలకి తగిలించేవాళ్లకి వీడియో ఎంత అవసరమో ఇవీ అంతే అవసరం.